సోమవారం నీళ్లు

అద్దాల కింద గడ్డి మోకాలెత్తు పెరిగింది. మాఘం వచ్చినా అది వాడలేదు. కంచె అవతల మేకలు ఎండు కంపలో మూతులు పెట్టి వెతుక్కుంటూ, మధ్యమధ్య తలెత్తి ఇటే చూస్తున్నాయి.

సారమ్మ పైపు మూతిని బొటనవేలితో నొక్కి నీళ్లను విప్పారేలా కొట్టింది. నీళ్లు అద్దం మీద పరుచుకుని, ఎర్ర దుమ్మును మోసుకుంటూ కింది అంచు నుంచి జారి, గడ్డి మొదళ్లలో ఇంకిపోయాయి. వెనకే మణెమ్మ పొడవాటి కర్రకు బిగించిన రబ్బరు పట్టీతో పైనుంచి కిందికి ఒకే ఊపులో లాగింది. అద్దంలోకి ఆకాశం వచ్చింది.

"ఓ వదినా, ఆ మూలకు జర మెల్లగ కొట్టు. గువ్వ గూడు పెట్టుకున్నది" అంది మణెమ్మ.

"మొన్ననే చూసిన. ఇంక పిల్లలు కాలేదా?"

"రెండు గుడ్లున్నయి. కొట్టుకపోతే పాపం నాకు తగుల్తది."

"పైపు పట్టింది నేనైతే పాపం నీకెందుకే?"

"చూసిన దాన్ని నేను గదా. చూసి చెప్పకుంటే నాకే తగుల్తది."

సారమ్మ నవ్వి, పైపును పక్కకు తిప్పి, ఆ ఒక్క మూలను తడిగుడ్డతో తుడిచింది.

మానవపాడు దాటి లోపలికి వెళితే ఎర్రదిన్నె వస్తుంది. ఆ ఊరి వాలులో నిరుడు వెలసిన సోలార్ ప్లాంటు అది. ఈ అద్దాలను కడగడానికి చర్చి కాలనీ నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్లు వస్తారు. సారమ్మ వాళ్లకు మేస్త్రి. రోజుకు ఎనిమిది వరుసలు. పది గంటలకల్లా కడగడం ముగించాలి, వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. ఆ తర్వాత రెండింటి దాకా గడ్డి కోత.

ఆ బుధవారం మూడో వరుస మధ్యలో ఉండగా సారమ్మ చేతిలో పైపు మెత్తబడింది. చివరి చుక్కలు చెప్పు మీద పడ్డాయి. సూపర్‌వైజర్ రాఘవేందర్ మోటారు గది వైపు నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. వనపర్తి పిల్లవాడు. డిప్లొమా చదివాడు. పరేషాన్ అయినప్పుడు మెడలోని ఐడీ కార్డును చేత్తో తిప్పడం అతనికి అలవాటు.

"మోటార్ కాలిపోయిందక్కా. గద్వాలకు పంపాలె. ఇయ్యాళ కడుగుడు బంద్. గడ్డి కోయున్రి."

"మల్ల ఎన్నడొస్తది?"

"శుక్రవారం అన్నరు. శనివారం పెద్దసారొస్తుండు. గప్పటికి అద్దాలు గిట్లనే ఉంటే నా పని అయిపోతది" అంటూ కార్డును రెండు చుట్లు తిప్పాడు.

*

రెండింటికి ఇంటిదారి పట్టిన సారమ్మకు కాలనీ మలుపులోనే నవ్వులు వినిపించాయి. బోరింగు చుట్టూ బిందెలు, బకెట్లు, చివరికి వంటగిన్నెలు కూడా వరుసలో ఉన్నాయి. ఆమె అత్త ఎస్తేరమ్మ రాయి మీద కూర్చుని, మోకాళ్ల నొప్పులు మరిచిపోయి దుప్పటి ఉతుకుతోంది.

"చూసినవా కోడలా! బుధవారం గూడ ఇచ్చిండు దేవుడు. తోడుతుంటే వస్తనే ఉన్నయి."

ఆ కాలనీలో నల్లా నీళ్లు నాలుగు రోజులకోసారి వస్తాయి. అవి తాగడానికే సరిపోవు. మిగతా అవసరాలకు బోరింగే దిక్కు. అదీ ఏడాదిగా తెల్లవారుజామున రెండు బిందెలిచ్చి, పొద్దెక్కాక గాలి మింగుతోంది. ఒక్క ఆదివారం మాత్రం ఆరాధన ముగిసేసరికి నీళ్లు పైకొచ్చి సాయంత్రం దాకా వస్తూనే ఉంటాయి. అందుకే అక్కడ ఆదివారమే చాకిరేవు, ఆదివారమే తలస్నానాలు. పోయిన ఏడు ఎస్తేరమ్మ చర్చిలో లేచి నిలబడి, దేవుడు తన దినాన తన పిల్లలను ఎండబెట్టలేదని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. సారమ్మ కూడా అంది.

ఇప్పుడు సారమ్మ బోరింగు పిడి పట్టుకుంది. బరువుగా ఉంది. కిందికి నొక్కితే లోపలి నుంచి నీటి మొద్దు కదిలి వచ్చినట్టు చేతికి తెలిసింది. ఆమె పిడి వదలకుండానే తలెత్తి చూసింది. కంచె కనిపిస్తోంది. కంచె లోపల ప్లాంటు బోరు మీది మోటారు గది రేకుల కప్పు. మూడు వందల అడుగులు కూడా ఉండదు.

ఆదివారం కడగడానికి సెలవు. ఇవాళ మోటారు కాలింది.

"ఏందే, దయ్యం పట్టినట్టు నిలబడ్డవ్? నొక్కు, నా బిందె నిండలే" అంది వెనక ఉన్న చిన్నమ్మ. ఆమె కూడా సారమ్మ గ్యాంగులోదే.

సారమ్మ బిందె నిండే దాకా నొక్కింది. కళ్లు మాత్రం ఆ రేకుల కప్పు మీదే ఉన్నాయి.

పొద్దుగూకే వేళ, ఎస్తేరమ్మ ఉతికిన దుప్పటిని మడతపెడుతుండగా సారమ్మ మెల్లగా కదిపింది. "అత్తా, నీళ్లు మోటారు బందైతెనే వస్తున్నయి. ఆదివారం గంతే, ఇయ్యాళ గంతే. రోజూ నా చేతిల పైపుల పోయేటివి మన బోరింగు నీళ్లే."

ఎస్తేరమ్మ మడత ఆపింది. "అంటే, దేవుడు నీ కంపెనీకి సెలవున్న దినమే చూసి ఇస్తుండా?"

"దేవుణ్ని నేనేమన్నలేదత్తా."

"నన్నంటున్నవ్. పదిమందిల నిలబడి చెప్పిన నా సాక్ష్యం అబద్ధమంటున్నవ్." దుప్పటిని మంచం మీద పడేసి గోడవైపు తిరిగి పడుకుంది. పెట్టిన జొన్నరొట్టె పళ్లెంలోనే చల్లారింది.

*

మర్నాడు సారమ్మ మోటారు గది దగ్గరికే వెళ్లింది. రాఘవేందర్ ఫోన్లో కరెంటు ఉత్పత్తి గీతలు చూసుకుంటున్నాడు.

"సారూ, మీ మోటారు నడిస్తే మా బోరింగు ఎండుతున్నది. నీళ్లు లేకుండ నాలుగు వరుసలు చేసి చూపిస్త. రేపు ఐదున్నరకు గేటు తీయి."

"పొడిగ తుడిస్తే గీతలు పడ్తయక్కా. అద్దం ఖరాబైతది."

"పొడిగ ఎవరు తుడుస్తమన్నరు? రాత్రి పడే మంచు ఎటు పోతది? పొద్దున వచ్చేసరికి అద్దాలన్ని తడిసే ఉంటయి. మనమొచ్చి దాని మీద మల్ల నీళ్లు కొడుతున్నం."

అతను కార్డు తిప్పడం ఆపాడు. "మంచు ఎంతసేపుంటదో ఎవరికి తెలుసు?"

సారమ్మకు నవ్వొచ్చింది. "సారూ, ఈ సుట్టుపక్కల సీడు పత్తి చేన్లల్ల సాయంత్రం మొగ్గ గిల్లి, పొద్దున దాని మీద మగపువ్వు రుద్దే పని చేయని ఆడిది ఉన్నదా? మగపువ్వు మీద మంచు తడి ఉండంగ రుద్దితే పుప్పొడి పలిగిపోతది, కాయ పట్టదు. మంచు ఎప్పుడారుతదో సేద్యగాడు మమ్ములనే అడుగుతడు. నాకు పదేండ్లప్పటికెల్లి గదే లెక్క. గాలి ఇటుంటే ఒక తీరు, అటుంటే ఒక తీరు."

రాఘవేందర్ శనివారాన్ని తలుచుకున్నాడు కాబోలు, సరేనన్నాడు.

శుక్రవారం చీకటి విచ్చుకునే వేళకు పద్నాలుగు మందీ పాత నూలు చీరల ముక్కలతో వరుసల్లో నిలబడ్డారు. అద్దాల మీద మంచు చిన్న చిన్న చుక్కలుగా కూర్చుని ఉంది. సారమ్మ గుడ్డను నాలుగు మడతలు వేసి, పై అంచున ఆనించి, నొక్కీ నొక్కనట్టు కిందికి దించింది. దుమ్ము బురదై గుడ్డకు అంటింది. మడత మార్చింది. మళ్లీ పైనుంచి. పువ్వు రుద్దిన వేళ్లకు ఎంత నొక్కాలో ఒకరు చెప్పనక్కరలేదు.

"దీనికంటే పత్తి పువ్వే నయం. వంగి చేస్తుంటిమి. దీనికి మెడ నిక్కాలె" అంది మణెమ్మ.

"వంగితె నడుము నొస్తదని ఏడ్చింది నువ్వే గదనే."

నాలుగో వరుస చివరికి వచ్చేసరికి ఎండ గుట్ట దాటింది. సారమ్మ ఒక అద్దం మీద వేలితో తాకి, ఆ వేలిని చెంపకు ఆనించుకుని, "ఇగ ఆపున్రి" అని కేకేసింది. గుడ్డ పట్టుకున్న చేతులన్నీ ఒక్కసారే ఆగాయి.

తొమ్మిది దాటాక గద్వాల నుంచి మోటారు వచ్చింది. మిగతా వరుసలకు మళ్లీ పైపులు పట్టారు. మధ్యాహ్నం రాఘవేందర్ గడ్డి కోస్తున్న చోటికి వచ్చి ఫోన్ చూపించాడు. అంకెలు సారమ్మకు అర్థం కాలేదు. అతని మొహం అర్థమైంది.

"తుడిచిన వరుసలకు, మంగళవారం కడిగిన వరుసలకు తేడా లేదక్కా. అసలు లేదు." కాస్త ఆగి తనకు తాను చెప్పుకున్నట్టు అన్నాడు. "మన బోరు నీళ్లు ఉప్పన. అద్దాల మీద తెల్ల మచ్చలు పడుతున్నయని నేనే రాసి పంపిన. ఎవరూ చూడలేదు."

*

పెద్దసారు శనివారం పదకొండింటికి తెల్ల కారులో దిగాడు. వరుసల వెంట నడిచాడు, అంకెలు చూశాడు. చెడ్డవాడిలా లేడు. ఎండలో నిలబడ్డ ఆడవాళ్లను చూసి, నీడలోకి రమ్మని తనే పిలిచాడు.

"బాగుందమ్మా మీ ఆలోచన. కాని ఇలా రోజుకు నాలుగు వరుసలే అవుతాయి. నాకు ఎనిమిది కావాలి. లేకపోతే ఉత్పత్తి పడిపోతుంది. మీ కాలనీ నీళ్ల సంగతి రాఘవేందర్ చెప్పాడు. రోజూ ఒక ట్యాంకర్ పంపిస్తాం. సోమవారమే మొదలుపెడదాం. కంపెనీ పేరుతో ఒక బోర్డు కూడా పెట్టిద్దాం."

"ట్యాంకర్ల నీళ్లు యాడికెల్లి తెస్తరు సారూ?" అని అడిగింది సారమ్మ.

పెద్దసారు రాఘవేందర్ వైపు చూశాడు. అతను నేల చూశాడు. "ఈ బోరు నుంచే సార్."

మణెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది గాని నవ్వు ఆగలేదు. "మా బిందె గుంజుకొని మాకే చెంబెడు పోసి, బోర్డు గూడ పెడ్తరంట!"

పెద్దసారు మొహం ఎర్రబడింది. "చూడండమ్మా, ఇక్కడ బొగ్గు లేదు, పొగ లేదు. ఎండతో కరెంటు తీస్తున్నాం. దేశానికి ఇది అవసరం. మీకూ పని దొరికింది."

"దొరికింది సారూ, కాదంటలేం. ఈ అద్దాలొచ్చినంకనే నేను పుణెకు వలస పోవుడు బందైంది. ఇవి ఉండాలె. నేనే కడిగిన, నాకు వీటి మీద ప్రేమున్నది. కాని ఎండది ఎండతోనే చేసుకోన్రి. భూమి లోపలిది ఎందుకు తోడుతున్నరు? ఇంకో పదిహేను మందిని పెట్టున్రి. కాలనీల పువ్వు రుద్దిన చేతులు ఎన్ని లేవు! మంచు లేని ఎండకాలం సంగతి అప్పుడు కూసొని మాట్లాడుదాం."

పెద్దసారు రాఘవేందర్ వైపు వంగి గొంతు తగ్గించాడు. "మనుషులకు కూలి ఇవ్వాలి. నీళ్లు ఊరికే వస్తాయి."

సారమ్మ చెవిన పడింది.

"నీళ్లు ఊరికె వస్తయని మీకెవరు చెప్పిన్రు సారూ?"

పెద్దసారు గడియారం చూసుకున్నాడు. "సోమవారం ఆరింటికి మోటార్ వేస్తారు. పైపు పట్టేవాళ్లు రండి. ఇష్టం లేనివాళ్లు రావద్దు. కర్నూలు నుంచి వేరే గ్యాంగును పిలిపిస్తాను."

కారు వెళ్లిపోయాక రాఘవేందర్ చాలాసేపు కార్డు తిప్పుతూ నిలబడ్డాడు.

సాయంత్రం చిన్నమ్మ సారమ్మ గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేదు. "నేను పైపు పడ్త వదినా. ఇంట్ల సంగతి నీకు తెలుసు. కోపం చేసుకోకు."

"కోపమేముందే. నీ పొయ్యి నువ్వు చూసుకోవాలె గద" అంది సారమ్మ. కొద్దిసేపటికి మరో ఇద్దరు అదే మాట చెప్పి పోయారు. ఎస్తేరమ్మ మంచంలోంచి అన్నీ వింటోంది. బుధవారం నుంచి ఆమె కోడలితో మాట్లాడలేదు.

*

ఆదివారం చర్చిలో పాటలయ్యాక, సాక్ష్యాలు చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పాస్టరయ్య అడిగాడు. ఎస్తేరమ్మ కర్ర పట్టుకుని లేచింది. పదిమందిలో తన మీదే చెబుతుందనుకుంది సారమ్మ.

"పోయినేడు ఈడ్నే నిలబడి చెప్పిన" అంది ఎస్తేరమ్మ. "వారమంత ఎండబెట్టినా, తన దినాన దేవుడు నీళ్లిస్తుండని చెప్పిన. మీరు స్తోత్రమన్నరు. అది తప్పు సాక్ష్యం."

చాపల మీద జనం కదిలారు.

"శుక్రవారం పొద్దుగాల పోయి బోరింగు కాడ కూసున్న. ఎవరికీ చెప్పలే. మోటారు లేదు, నీళ్లున్నయి. బిందె మీద బిందె నిండుతున్నది. తొమ్మిది దాటినంక అద్దాల కాడ మోటారు చప్పుడైంది. ఆ తర్వాత రెండు బిందెలు నిండినయి. మూడోది సగమయ్యేసరికి పిడి నా చేతిల దూదోలె తేలికైంది. ఇంక నొక్కిన. గాలొచ్చింది." ఊపిరి పీల్చుకుంది. "నా కోడలు అబద్ధమాడలే. నేనే దేవుని మీద తక్కువ సాక్ష్యం చెప్పిన. వారానికి ఒక్కనాడు ఇచ్చేటంత పిసినారోడా ఆయన? ఏడు దినాలూ ఇచ్చిండు. ఆరు దినాలు మోటారు గుంజుకుంటున్నది. క్షమించమని అడుగుతున్న."

ఎవరిని అడిగిందో తెలియలేదు. కూర్చునేటప్పుడు కర్ర జారింది. సారమ్మ లేచి అందించింది. ముసలామె కర్రతోపాటు ఆ చేతిని కూడా పట్టుకుని, పాట ముగిసేదాకా వదల్లేదు.

*

సోమవారం సారమ్మ లేచేసరికి అత్త మంచం ఖాళీగా ఉంది. బోరింగు దగ్గర లేదు. చర్చి దగ్గర లేదు. నూలుగుడ్డల మూట భుజాన వేసుకుని ప్లాంటు వైపు నడిచింది. మసక వెలుతురులో గేటు ముందు మనుషులు కనిపించారు. కర్నూలు గ్యాంగు అప్పుడే దిగిందనుకుని అడుగు నెమ్మదించింది. దగ్గరికి వెళితే అందరూ కాలనీవాళ్లే. ముప్పై మందికి తక్కువ లేరు. ముందు రాయి మీద ఎస్తేరమ్మ. ఒళ్లో తన పెళ్లినాటి తెల్ల నూలు చీర, నాలుగు ముక్కలుగా చించి ఉంది. వెనక చిన్నమ్మ తలొంచుకుని నిలబడి ఉంది. ఆమె చేతిలోనూ గుడ్డే.

రాఘవేందర్ మఫ్లర్ చుట్టుకుని గేటు లోపల నిలబడ్డాడు. "ఇంతమందిని లోపలికి పంపితే నా నౌకరి పోతదక్కా."

"ఇయ్యాళ ఒక్కనాడు చూడు సారూ. మంచు ఆరకముందు ఎనిమిది వరుసలయితయా, కావా? కాకుంటే రేపటికెల్లి నేనే ముందుగాల పైపు పడ్త. ఇయ్యాళటికి కూలి గూడ అడగం. రేపటికెల్లి అడుగుతం, గది వేరే."

అతను రోడ్డు వైపు చూశాడు, మోటారు గది వైపు చూశాడు. తర్వాత తాళం తీశాడు. ఎస్తేరమ్మ కుంటుతూ దాటుతుంటే, తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఒక వరుస కింద వేశాడు. "కింది అంచు కూసొని తుడువు పెద్దమ్మా. పైది వాళ్లు చూస్తరు."

ఇద్దరికొక అద్దం పలక చొప్పున పంచుకున్నారు. ఒకరు పైభాగం, ఒకరు కింది భాగం. మాటలు తగ్గాయి. గుడ్డ జారే మెత్తటి చప్పుడు ఒక్కటే వరుస వెంట వరుస సాగింది. గువ్వ గూడున్న మూలను మణెమ్మ ఎవరినీ ముట్టనివ్వకుండా తనే తుడిచింది.

ఆరు దాటగానే రాఘవేందర్ ఫోన్ మోగింది. దగ్గరలో ఉన్న సారమ్మకు ఇటువైపు మాటలే వినిపించాయి.

"వేయలేదు సార్... లేదు సార్, కరెంటుంది. మోటార్ బాగుంది." చాలాసేపు విన్నాడు. "అద్దాలు తడిసే ఉన్నాయి సార్. అవసరం లేదు... సరే సార్. వచ్చి చూడండి." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి కార్డు దాకా వెళ్లి ఆగిపోయింది. "ఎన్నో వరుసక్కా?"

"ఆరు."

ఎనిమిదో వరుస చివర మూడు పలకలు ఉండగా సారమ్మ వేలిని చెంపకు ఆనించుకుంది. "ఆపున్రి!"

"మూడే ఉన్నయి వదినా" అంది చిన్నమ్మ.

"ఉండనియ్యి. ఆరిపోయింది. గీతలు పడ్తయి. రేపు చేద్దాం."

గ్యాంగులో లేనివాళ్లు కాలనీకి వెళ్లిపోయారు. పద్నాలుగు మంది కొడవళ్లు తీసుకుని గడ్డిలోకి దిగారు. కోస్తూనే అందరి చెవులూ కంచె అవతలే ఉన్నాయి. తొమ్మిదింటికి బోరింగు పిడి కిర్రుమంది. పదింటికీ ఆ చప్పుడు ఆగలేదు. బరువుగా, నింపాదిగా వస్తోంది. చప్పుడును బట్టే నీళ్లున్నాయని తెలుస్తోంది. మణెమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ గడ్డి పట్టుకుంది.

పదకొండు కావస్తుండగా రోడ్డు మీద దుమ్ము లేచింది. దుమ్ము ముందు తెల్ల కారు. రాఘవేందర్ గేటు వైపు నడిచాడు. సరిగ్గా అప్పుడే కంచె అవతల ఎస్తేరమ్మ కనిపించింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఇత్తడి చెంబు. కంచె సందులోంచి చెంబును లోపలికి జరిపింది.

"పెద్దసారు దూరంకెల్లి వస్తుండు. తాపియ్యి" అంది. "సోమవారం నీళ్లని చెప్పు."

సారమ్మ కొడవలి గట్టున పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. అంచు దాకా నిండిన చెంబును రెండు చేతులా పట్టుకుని, ఒక్క చుక్క తొణకకుండా, కారు ఆగిన చోటికి నడిచింది.